మకడీ మీద ఇల్జామ్

మా ఇంట్లో రంజాన్ పనులు షాబాన్ నెలలోనే మొదలయ్యేవి. చాంద్ కనపడటానికి పది రోజుల ముందే దాదీమా కొంగు నడుముకు చుట్టుకుని, పొడవాటి వెదురుకర్రకు చీపురు కట్టించేది. గుత్తిలో మాది పాత మిద్దె. పైన చౌడుమట్టి, కింద దూలాలు, దంతెలు, వెలుతురు కోసం ఒక గవాచి, నేలంతా నాపబండలు. అలాంటి ఇంట్లో జాలేలకు కొదవేముంటుంది? పిల్లలం కర్ర పట్టుకుని యుద్ధానికి బయల్దేరినట్టు బయల్దేరేవాళ్లం. దాదీమా కింద నిలబడి ఒకే కాయిదా చెప్పేది.

"ఖాలీ జాలా నికాలో బేటా. ఘర్‌వాలీ బైఠీ సో జాలే కు హాథ్ నక్కో లగావ్."

ఖాళీ గూడు దులిపెయ్, ఇంటామె కూర్చుని ఉన్న గూటి జోలికి పోవద్దు. ఎందుకంటే ఘారే సౌర్ కిస్సా చెప్పేది. హిజ్రత్ వేళ పైగంబర్ సల్లల్లాహు అలైహి వసల్లం, హజ్రత్ అబూబకర్ రజియల్లాహు అన్హు గుహలో ఉంటే, గుహ మూతి మీద మకడీ జాలా అల్లిందనీ, వెతుక్కుంటూ వచ్చినవాళ్లు అది చూసి లోపల ఎవరూ ఉండరని వెనక్కి పోయారనీ. "మకడీ కా ఎహసాన్ హై హమారే ఊపర్" అని ముగించేది. ఆ రివాయత్ జయీఫ్ అని కొందరు ఉలమా అంటారని పెద్దయ్యాక తెలిసింది. అయినా దాదీమా కాయిదా తప్పని నాకెప్పుడూ అనిపించలేదు. మన జోలికి రాని మఖ్లూఖ్‌ను ఊరికే చంపకూడదనుకోవడానికి సనద్ వెతకాలా?

దాదీమా పోయాక ఆ కర్ర అబ్బా చేతికొచ్చింది. అబ్బా రైల్వేలో ఖలాసీగా చేరి గుత్తి లోకో షెడ్డులోనే రిటైరయ్యారు. నేను నికా అయి అనంతపురం వచ్చేశాను. బస్సులో గంటంబావు దూరం. అంత దగ్గరుండీ ఆ ఆరు రోజులు నేను పోలేదు. ఆ తక్లీఫ్ ఇంకా లోపల ఉంది కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

అది 2019. షాబాన్ ఏప్రిల్ ఎండల్లో పడింది. అబ్బాకు డెబ్బై దాటాయి. దాలాన్‌లో, బావర్చీఖానాలో జాలేలన్నీ దులిపారు. మర్నాటికి పేషానీ ఎడమపక్క మంట. ఆ మర్నాటికి ఎర్రగా దద్దురు, దాని మీద చిన్న చిన్న నీటిబుగ్గలు. అమ్మీ చూసిన వెంటనే తేల్చేసింది. మొహల్లా అంతా తేల్చేసింది. "జాలే ఝాడ్తే వఖ్త్ మకడీ ముత్ గయీ." మకడీ ఉచ్చ పోసింది.

ఈ మాట మన ఇళ్లల్లో ఎవరికి తెలీదు? పక్కింటి తెలుగువాళ్లు కూడా సాలెపురుగు పాకిందంటారు. ఒంటి మీద నీటిబుగ్గలు లేస్తే నేరస్థురాలు ముందే ఖరారు. జాజు, పసుపు నూరి పూత వేశారు. ఒకాయన వచ్చి దమ్ చేసిపోయారు. నాకు ఫోన్ చేస్తే నేనూ అదే అన్నాను: "రెండు రోజులు పూత వెయ్యండి, తగ్గిపోతుంది." బీఈడీ చదివి, బడిలో పాఠాలు చెప్పే నేను. అమ్మీ కోపం కొద్దీ పురుగుల స్ప్రే తెచ్చి ఇల్లంతా కొట్టించింది. దాదీమా కాయిదా ఆ రోజుతో సరి. నాపబండల మీద కాళ్లు ముడుచుకుని రాలిపడిన మకడీలను చీపురుతో ఎత్తారట.

జుమ్మా రోజు నేను గుత్తికి పోయేసరికి అబ్బా ఎడమ కన్ను వాచి మూసుకుపోయి ఉంది. ముక్కు కొన మీద కూడా బుగ్గలు. జాజుపూత ఎండి పెచ్చులు లేచింది. అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని అనంతపురం కంటి డాక్టరు దగ్గరికి తీసుకొచ్చాను.

డాక్టరమ్మ పూత తుడిపించి చూసింది. "చిన్నప్పుడు అమ్మవారు పోసిందా?" అని అడిగింది. పోసిందన్నారు అబ్బా. "ఇది సర్పి. చికెన్‌పాక్స్ తగ్గిపోయినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. నరాల మొదట్లో నిద్రపోతుంది. వయసు మీదపడి ఒంటి బలం తగ్గినప్పుడు లేచి, ఒక్క నరం పట్టుకుని చర్మం మీదికొస్తుంది. ఈయనకి కంటికి పోయే నరం మీద లేచింది. ముక్కు కొన మీద బుగ్గ కనపడిందంటే కంటికి ప్రమాదమని మాకు గుర్తు" అంది.

నేను మకడీ సంగతి ఎత్తాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. అబ్బా నుదుటి మధ్యలో వేలు పెట్టి కింది దాకా గీసింది. "చూడండమ్మా, ఇక్కడికి వచ్చి ఆగిపోయింది. కుడిపక్క ఒక్క చుక్క లేదు. సాలీడు నుదురు మధ్యలో గీత గీసుకుని, ఒక పక్కే పోస్తుందా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. దద్దురు లేచిన మూడు రోజుల్లోపు, అంటే డెబ్బై రెండు గంటల్లోపు వైరస్ మందు పడితే మంచి ఫలితం ఉంటుందని చెప్పింది. మేం మూడు రోజుల్ని ఎప్పుడో దాటేశాం. అయినా మందులు మొదలుపెట్టింది. అబ్బాకు కన్ను పోలేదు, అల్‌హందులిల్లాహ్. కానీ నల్లగుడ్డు మీద మచ్చ నిలిచింది. ఎడమకంటితో చూస్తే లోకమంతా పొగమంచులో ఉన్నట్టుంటుందంటారు. దద్దురు మానినా నరం మంట మానలేదు. పేషానీకి టోపీ అంచు తగిలినా ఉలిక్కిపడేవారు. సజ్దాలో నుదురు జానమాజ్‌కు ఆనిస్తే నిప్పు తగిలినట్టుండేది. ఎనిమిది నెలలు కుర్సీ మీద కూర్చుని నమాజ్ చదివారు. ఆ రంజాన్ తరావీ అంతా ఇంట్లోనే.

ఒక రాత్రి అబ్బానే అన్నారు: "బేటీ, ఆ సుయ్యా చుభే సో దర్ద్ జాలేలు దులపక ముందు రోజే మొదలైంది. నేనే మర్చిపోయా." సర్పి అలాగే వస్తుంది, ముందు మంట, తర్వాత బుగ్గలు. అంటే ఆ రోజుకు మకడీ అబ్బా దగ్గరికే రాలేదు. గవాహీ వినకుండా సజా వేసేశాం. గుమాన్ ఎక్కువ చేయొద్దని, కొన్ని గుమాన్లు గునాహ్ అవుతాయని మనకు దీన్ చెప్పింది కదా. అది మనుషుల సంగతే అనుకున్నాను.

అప్పటి నుంచి ఇంట్లో ఏ మకడీ ఏదో గుర్తుపట్టడం మొదలుపెట్టాం. మేమంటే నేను, ఎనిమిదో తరగతి చదివే మా చిన్నది. ఫోన్ కెమెరా, ఒక టార్చిలైటు, అంతే సామాను. బి.కె. టికాడర్ రాసిన భారతీయ సాలీళ్ల హ్యాండ్‌బుక్ 1987లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వేసింది. అంత చదువు మాకెందుకులే అనుకున్నా, గుర్తులు తెలుసుకుంటే ఇంట్లోవాటిని పోల్చుకోవడం కష్టం కాదు. ముందు కాళ్లు లెక్కపెట్టాలి. ఆరైతే కీటకం, ఎనిమిదైతే మకడీ ఖాందాన్, తేలు కూడా ఆ ఖాందాన్‌దే. తర్వాత చూడాల్సింది జాలా. ఉందా, ఉంటే ఎలా ఉంది? మూడోది నడక.

గోడ మూలల్లో, మంచాల కింద, గజిబిజిగా చిక్కుపడిన జాలా కట్టి, వెంట్రుకల్లాంటి పొడుగు కాళ్లతో తలకిందులుగా వేలాడేది ఒకటి. మనం బూజు అని దులిపేది ఎక్కువగా దీని పనే. ముట్టుకుంటే ఒళ్లంతా గిరగిరా ఊపేస్తుంది, మనిషి కంటికి మసకగా కనపడేంత జోరుగా. ఆడది గుడ్ల మూటను నోట కరుచుకుని తిరుగుతుంది. దోమల్ని తింటుంది, ఇతర మకడీల్ని కూడా తింటుంది. మనిషికి దీని వల్ల హాని లేదు.

కిటికీల దగ్గర, గోడల మీద గెంతుతూ తిరిగే చిన్నది ఇంకొకటి. దీనికి జాలాతో వేట లేదు. ముందు రెండు పెద్ద కళ్లు, మొత్తం ఎనిమిది. వేలు చూపిస్తే తిరిగి మన వంక చూస్తుంది. ఈగ మీదికి దూకే ముందు వెనక ఒక దారం అంటించుకుంటుంది, తప్పి పడితే పట్టుకోవడానికి. మా చిన్నదానికి భయం పోయింది దీనివల్లే. "అమ్మీ, ఇది మనల్ని చూస్తోంది" అంది మొదటిసారి. చూసేదాన్ని చెప్పుతో కొట్టడం కష్టం.

గుసల్‌ఖానాలో రాత్రి లైటు వేస్తే గోడకు అతుక్కుని, అరచెయ్యంత వెడల్పున కనపడి గుండె ఆపేది మూడోది. పలచగా, పీతలా పక్కలకు కాళ్లు చాపి ఉంటుంది. ఇదీ జాలా కట్టదు. ఒక్కోసారి ఛాతీ కింద తెల్లటి బిళ్లలాంటిది పట్టుకుని కనపడుతుంది. అది గుడ్ల సంచి. పిల్లలు బయటికొచ్చేదాకా మోస్తూనే ఉంటుంది. దీని రిజ్ఖ్ బొద్దింకలు. చేత్తో పట్టి నలిపితే కరుస్తుంది, నొప్పి పుడుతుంది, అంతవరకే. మన దారిన మనం పోతే దాని దారిన అది పోతుంది.

బియ్యం డబ్బాల వెనక అడ్డంగా పరిచినట్టు చిన్న గుండ్రటి జాలా కట్టే మకడీ ఒకటుంది. దాని సంగతి తెలిశాక నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ ఖాందాన్‌కు విషపు గ్రంథులే లేవు. పురుగును పట్టుకుంటే దారంతో చుట్టి చుట్టి మూట కట్టడమే. మేం స్ప్రే కొట్టి చంపినవాటిలో ఇవెన్ని ఉన్నాయో.

బయటికొస్తే వేపచెట్టు బెరడు మీద, బెరడు రంగులోనే, వెనక రెండు తోకలున్నట్టుండేది దొరుకుతుంది. అవి తోకలు కావు, దారం తీసే అవయవాలు. చీమ దొరికితే దాని చుట్టూ గిరగిరా తిరిగి కట్టేస్తుంది. మల్లె పొదలో జాలా మధ్య తెల్లటి దారంతో ఇంటూ గుర్తు వేసుకుని, దాని మీద కాళ్లు జతలు జతలుగా చాపి కూర్చునేది ఇంకొకటి. పొలాల వైపు పోతే తుమ్మచెట్లకు, రేగు కంపలకు, ఎండుటాకులు చిక్కుకున్న మురికి గుడ్డమూటల్లా వేలాడేవి ఉంటాయి. బుడ్డల చేలకు పోయినవాళ్లంతా చూసే ఉంటారు. అది ఒక మొహల్లా. వందల మకడీలు కలిసి బతికే ఇల్లు. ప్రపంచంలో మకడీలు ఒంటరివే ఎక్కువ, ఇలా ఖాందాన్‌గా బతికేవి చాలా తక్కువ. కుప్పం చుట్టుపక్కల కంపల్లో వీటి మీద డెన్మార్క్ నుంచి వచ్చిన పరిశోధకులు కూడా పనిచేశారు. ఏడాదికి ఐదొందల యాభై మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని మన సీమలో, కలిసి వేటాడి, దొరికింది కలిసి తింటాయి. తల్లి పిల్లలకు తన నోట్లోంచి ఆహారం పెడుతుంది. చివరికి తన ఒళ్లే పెడుతుంది. పిల్లలు తల్లినే తినేస్తాయి.

ఇది చదివినప్పుడు సూరా అన్కబూత్ గుర్తొచ్చింది. ఖురాన్‌లో ఇరవై తొమ్మిదో సూరాకు మకడీ పేరే. అల్లాహ్‌ను వదిలి ఇతర ఆసరాలు వెతుక్కునేవాళ్ల మిసాల్ మకడీ ఇల్లు లాంటిదని, ఇళ్లల్లోకెల్లా బలహీనమైంది అదేనని అందులో ఉంది. మకడీ దారం సన్నదనానికి చాలా గట్టిది. ఇల్లు మాత్రం ఎండ ఆపదు, వాన ఆపదు, ఒక చీపురు దెబ్బ ఆపదు. మేం డెబ్బై రెండు గంటలు వదిలేసి జాజుపూతను ఆసరా అనుకున్నాం చూడండి, ఆ ఇల్లు అంత గట్టిదే. దమ్ మీద నాకు ఇన్కార్ లేదు. దువా చేయడం తప్పు కాదు. దువా చేసి డాక్టరు దగ్గరికి పోకపోవడం తప్పు.

ఇంతలో గుత్తి పేరు దొరికింది. ప్రపంచంలోని పెద్ద మకడీల గురించి చూస్తుంటే మా చిన్నది అరిచింది: "అమ్మీ, నానా వాళ్ల ఊరు!" గుత్తి నీలి మకడీ. చెట్ల తొర్రల్లో బతికే పెద్ద జాతి. కాళ్లు చాపితే జానెడుకు దగ్గర. ఒళ్లంతా నీలం, నెమలి మెడలాంటి నీలం, మధ్యలో తెల్లటి, పసుపు గీతలు. ఆ నీలం రంగు పూసింది కాదు, ఒంటి వెంట్రుకల నిర్మాణం మీద వెలుతురు పడి పుట్టేది. సుబ్‌హానల్లాహ్. పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1899లో లోకానికి దీని సంగతి రాశాడు. దొరికింది ఒక్కటే, గుత్తి రైల్వే కలప యార్డులో.

అబ్బాకు ఫోన్ చేస్తే నమ్మలేదు. "హమారే యార్డ్ మే?" ముప్పై ఏళ్లు ఆ పట్టాల మీద తిరిగిన మనిషి. అప్పుడు మిగతాది చదివి వినిపించాను. వందేళ్లు దాటాక వెతికితే అది గుత్తి చుట్టుపక్కల దొరకలేదు. దొరికింది వంద కిలోమీటర్ల అవతల, నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలో. వంద చదరపు కిలోమీటర్లు కూడా లేని చిన్న ముక్కలో. కలపతో పాటు రైలెక్కి గుత్తికి వచ్చి ఉంటుందని అనుకుంటున్నారు. అడవి నరకడం వల్ల, పైదేశాల్లో పెంచుకోవడానికి పట్టుకుపోవడం వల్ల 2008లో దాన్ని అంతరించిపోయే ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న జాతుల్లో చేర్చారు. అబ్బా కంటికి మందులు పడుతున్న ఆ 2019లోనే, ఆగస్టులో, ఆ జాతి మకడీల అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు పెట్టాలని తీర్మానించారు.

అబ్బా కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వారు. "మాల్‌గాడీలో ముసాఫిర్‌గా వచ్చి ఊరి పేరు కొట్టేసింది. నా దాదా కూడా రైలు పని కోసమే కర్నూలు వైపు నుంచి వచ్చాడు బేటీ. ఇప్పుడు మనం గుత్తివాళ్లమే కదా." అబ్బా అలా నవ్వి చాలా రోజులైంది.

చదివింది పనికొచ్చిందా అని అడుగుతారేమో. ఆ ఏడు వానలు పడ్డాక ఒక ఉదయం మా చిన్నదాని మెడ మీద వాతలా ఎర్రటి గీత, దాని మీద బుగ్గలు. అమ్మీ మా ఇంట్లోనే ఉంది. "మకడీ..." అని సగంలో ఆగిపోయింది. పిల్లే చెప్పింది: "కాదు నానీ. మొన్న రాత్రి లైటు కింద చదువుతుంటే చీమలాంటి పురుగు మెడ మీద పడింది. చేత్తో రుద్దేశాను." వాన కాలంలో దీపాలకు వచ్చే సన్నటి పురుగు అది. తల, తోక కొన నల్లగా, నడుము ఎర్రగా ఉంటుంది. కరవదు, కుట్టదు. నలిపితే దాని రసం చర్మాన్ని కాలుస్తుంది, బుగ్గలు ఒక రోజు ఆగి లేస్తాయి. అందుకే పొద్దున లేచి చూసేసరికి నేరం మకడీ మీద పడుతుంది. ఆ పురుగు ఒంటి మీద వాలితే నలపకుండా ఊదెయ్యాలి. నలిగితే వెంటనే సబ్బునీళ్లతో కడగాలి, ఆ చేత్తో కన్ను ముట్టుకోకూడదు. డాక్టరు పూత మందిచ్చారు, పది రోజుల్లో మానింది.

మీ ఇళ్లల్లో కూడా ఎవరో ఒకరు ఈ మాట అంటారు కాబట్టి, ఒక అక్కలా చెప్తున్నా. ఒంటికి ఒక్క పక్కే మంట, తర్వాత గుంపుగా బుగ్గలు వస్తే అది మకడీ కాదు. మూడు రోజులు దాటకముందే డాక్టరు దగ్గరికి పొండి. నుదురు, ముక్కు, కన్ను దగ్గరైతే ఆ రోజే పొండి. రాళ్లు, కట్టెల కింద చెయ్యి పెట్టేటప్పుడు మన సీమలో భయపడాల్సింది ఎర్ర తేలుకి. పిల్లల్ని కుడితే మంత్రాల దగ్గర ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తండి, దానికి మందుంది. ఇక ఏ మకడీ అయినా నిజంగా కరిచి నొప్పి పెరుగుతుంటే డాక్టరుకు చూపించండి. చూడని మకడీ మీద మాత్రం ఇల్జామ్ వెయ్యకండి.

ఈ షాబాన్‌లో గుత్తికి పోయాం. వెదురుకర్ర ఇప్పుడు మా చిన్నదాని చేతిలో ఉంది. అబ్బా దాలాన్‌లో కుర్సీ వేసుకుని, మంచి కంటితో పైకి చూస్తూ హుకుం ఇస్తున్నారు. "వో ఖాలీ హై, నికాల్. ఆ పక్కది... రుకో, రుకో. మూతిలో గుడ్లున్నాయి. ఛోడ్ దే." దూలం మూలన ఆ జాలా అలాగే ఉండిపోయింది. అసర్ అజాన్ వినపడితే అబ్బా లేచి వజూ చేసుకొచ్చారు. కుర్సీని పక్కకు జరిపి, జానమాజ్ పరిచి, పేషానీ నేలకు ఆనించారు. నేను చూస్తూ నిలబడ్డాను. నిదానంగా లేచారు, మొహంలో నొప్పి లేదు.